వెనక మిగిలిన హిస్సా

గోడలకు చెవులుంటాయని పెద్దలు చెప్పారు. ఆ చెవుల్లో గుబిలి కూడా ఉంటుందని మాత్రం ఏ పెద్దా చెప్పలేదు. అంత ముఖ్యమైన ముక్కను వాళ్లు మింగేసినందుకు పటాన్‌చెరు బజారులో ఒక ఇంటిల్లిపాదీ పరేషాన్ అయ్యారు. చివరికి ఒక దేవుడికి కూడా పని పడింది.

సదరు గోడ వయసు మూడు నెలలు. దానికి తూర్పున బద్రీనాథ్, పడమట అతని తమ్ముడు సోమేశ్వర్. చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయల వ్యాపారం. నాయిన పోయిన ఏడాదికి వేరుపడ్డారు. మిగతా అన్నదమ్ముల్లాగా తలలు పగలగొట్టుకోకుండా మర్యాదగా ఇల్లు పగలగొట్టుకున్నారు. వాటాలు వేసింది బజారు పెద్దమనిషి మొగులయ్య. "నేను పంచితే పంచదారే" అని ఆయన చెప్పుకుంటాడు. నిజమే. ఆయన పంచిన ప్రతి ఇంటికీ చీమలు పట్టాయి.

ఒక సాయంత్రం సోమేశ్వర్ భార్య విజయకుమారి ఆ గోడకు వీపు ఆనించి మిరపకాయల తొడిమెలు తీస్తోంది. గోడ అవతల బావ బద్రీనాథ్, భార్య సావిత్రమ్మతో గుసగుసగా ఏదో చెబుతున్నాడు. గుసగుస అన్నది అరుపుకన్నా దూరం పోతుందని ఆయనకు తెలియదు.

బద్రీనాథ్ అన్నది ఇది: "హకీం సూసిండే. వెనక ఒక మస్సా మిగిలిందట. కోత లేకుంట సర్దుకుందాం అన్నడు. ఎవ్వరికి చెప్పకు."

విజయకుమారి విన్నది ఇది: "హాకిం సూసిండే. వెనక ఒక హిస్సా మిగిలిందట. కోర్టు లేకుంట సర్దుకుందాం అన్నడు. ఎవ్వరికి చెప్పకు."

చివరి మాట ఒక్కటే ఉన్నదున్నట్టు దాటింది. "ఎవ్వరికి చెప్పకు" అన్న మాటను ఏ గోడా ఆపలేదు.

హిస్సా అంటే వాటా. వేరుపడిన ఇంట్లో ఆ మాట వినబడితే పసిపిల్ల కూడా నిద్రలేస్తుంది. మస్సా అంటే మొలలు నయమైన తర్వాత ఆ చోట మిగిలిపోయే తోలు పిలక. ఇక హాకిం, హకీంల మధ్య ఉన్నది ఒక్క దీర్ఘం. కచేరీలో కూర్చుని తీర్పు చెప్పే అధికారి హాకిం. ఆయన దీర్ఘం ముందుంటుంది, బిళ్ల బంట్రోతు లాగా. నాడి పట్టి మందిచ్చే యునానీ వైద్యుడు హకీం. ఆయన దీర్ఘం వెనక ఉంటుంది. బద్రీనాథ్ బాధ కూడా వెనకే కాబట్టి ఆయన సరైన మనిషి దగ్గరికే పోయాడు. ఖర్మ ఏమంటే, హాకిమూ హకీమూ ఇద్దరూ సంగారెడ్డిలోనే ఉంటారు. బస్సు కూడా ఒకటే.

అసలు కథ గద్దె మీద మొదలైంది. దుకాణంలో గద్దె మీద పొద్దుటినుంచి రాత్రిదాకా కదలకుండా కూర్చునే మనిషి బద్రీనాథ్. వ్యాపారంలో లాభం కూర్చుంటే వస్తుంది. మొలలూ కూర్చుంటేనే వస్తాయి. ఆయనకు రెండూ వచ్చాయి. లాభంలో తమ్ముడికి సగం ఇచ్చి, మొలలు మాత్రం తానే ఉంచుకున్నాడు. అంత త్యాగం చేసినందుకు ఎవరూ దండ వేయలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు.

సంగారెడ్డి హకీం కమాలుద్దీన్ మందుతో, పథ్యంతో నెత్తురు ఆగింది, నొప్పి పోయింది. ఇక మొక్కు తీర్చుకుందామనుకుంటుండగా ఒకనాడు కడుక్కుంటుంటే వేలికి ఏదో తగిలింది. మెత్తగా, చింతగింజంత. మొల పోయింది, మొలక మిగిలింది. నొప్పి లేదు, అప్పుడప్పుడు దురద మాత్రం ఉంది. అయినా ఆ రోజునుంచి ఆయన ఆలోచన అంతా అక్కడే. జనం బుర్రతో ఆలోచిస్తారు. బద్రీనాథ్ ఆలోచన స్థలం మార్చింది.

పట్నం పోతే అక్కడి డాక్టరు చూసి, "కోసేద్దాం" అన్నాడు, కొత్తిమీర కట్ట గురించి అన్నంత తేలిగ్గా. బద్రీనాథ్ ధోవతి సర్దుకుని తిరుగు బస్సెక్కాడు. తర్వాత మళ్లీ హకీం దగ్గరికే వచ్చి పడ్డాడు.

హకీం పరదా వెనక చూసి, బయటికొచ్చి చేతులు కడుక్కున్నాడు. "ఇది బవాసీర్ గాదు, మొలలు గాదు సేట్ సాబ్. మొలలు పోయినంక మిగిలిన మస్సా. మీ దుకాన్ల బెల్లం సంచి ఉంటది గద. బెల్లం ఖాళీ జేస్తే సంచి ఏమైతది?"

"ముడుతలు వడ్తది."

"గంతే. మాల్ పోయింది, సంచి మిగిలింది. ఖాళీ సంచికి ఎవరన్న భయపడ్తరా?"

"గా సంచిని మందుతోని కరిగియ్యరాదా హకీం సాబ్?"

"కరగదు. లేపనం పూస్తే దురద పోతది, వాపు ఉంటే తగ్గుతది. తోలు పోదు. తోలును మందుతోని మాయం జేస్త అన్నోడు ముందుగల్ల మీ జేబు మాయం జేస్తడు. వద్దే వద్దనుకుంటే పట్నం డాక్టరు చెప్పినట్టు కోతే. గని బాధ పెట్టనిదానికి కోత ఎందుకు? కోత లేకుంట సర్దుకుందాం."

సర్దుకోవడం ఎలాగో కూడా చెప్పాడు. రోజూ వెడల్పాటి గంగాళంలో గోరువెచ్చని నీళ్లు పోసుకుని కాసేపు అందులో కూర్చోవాలి. తర్వాత రుద్దకుండా మెత్తని బట్టతో అద్దుకోవాలి. ఆ చోటును ఎప్పుడూ పొడిగా ఉంచాలి. ఆకుకూర తినాలి, ఇసబ్‌గోల్ తాగాలి, నీళ్లు బాగా తాగాలి. గద్దె మీద నుంచి గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి.

"ఇంకొకటి," అన్నాడు హకీం వేలెత్తి. "దేవునికి ఎంతన్న మొక్కుండ్రి గని, దొడ్డికాడ ముక్కకుండ్రి. మళ్ల నెత్తురు కనవడ్డా, అది పెరిగినట్టు అనిపిచ్చినా ఆగకుంట రాండ్రి."

ఇంత మంచి కబురును బద్రీనాథ్ ఒక్క భార్యకే చెప్పుకున్నాడు. మిగతాది గోడ చూసుకుంది.

ఆ సాయంత్రం విజయకుమారి భర్తకు నీళ్లు తెచ్చిన ఇత్తడి చెంబు కింద పెట్టకముందే చెప్పేసింది. "మీ అన్న సంగారెడ్డి ఎందుకు పోయిండో తెల్సా? హాకిం తానికి. వెనక హిస్సా ఒకటి దాసిపెట్టిండు. కోర్టు లేకుంట కానిచ్చుకుంటుండు."

"వెనక అంటే ఏడ వెనక?" అన్నాడు సోమేశ్వర్.

"గది గూడ నేనే చెప్పాల్నా? పాశమైలారం చింతతోపు ఇద్దరికి పంచిండ్రు. తోపు వెనక జాగ ఎవరికి పంచిండ్రు?"

పాశమైలారం తోపు వెనక రాళ్లు, తేళ్లు, తుమ్మముండ్లు తప్ప ఏదీ లేదు. అక్కడ గడ్డి మొలవాలన్నా సిగ్గుపడుతుంది. అటువంటి నేల ఎవడికి కావాలని సోమేశ్వర్ చిన్నప్పటి నుంచి నవ్వేవాడు. అన్న దాచిపెట్టాడని వినగానే అది బంగారు గని అయిపోయింది. మనిషికి ఆశ పుట్టడానికి వస్తువు గొప్పదై ఉండనక్కర్లేదు, అన్న చేతిలో ఉంటే చాలు.

మర్నాడు పొద్దున బద్రీనాథే తమ్ముడి గడపలోకి వచ్చాడు. ఇంటి పెద్ద గంగాళం వాటాల్లో తమ్ముడికి పోయింది. అన్నకు వచ్చిన బిందెల్లో చెయ్యి పడుతుందిగానీ మనిషి పట్టడు.

"తమ్మీ, నీ గంగాళం జెర కొన్ని దినాలు ఇస్తవా?"

"గంగాళం నా వాటాల వచ్చింది గదనే అన్నా."

"వచ్చిందిలే. వాడుకోని ఇస్త."

"ఏం పనికి?"

బద్రీనాథ్ అటూ ఇటూ చూశాడు. "వెనక జెర పనున్నది."

సోమేశ్వర్ కళ్లు గుండ్రమయ్యాయి. "నీ వెనక పనేందో నాకు ఎర్కే."

అన్న ముఖం తెల్లబోయింది. "ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరో చెప్పిండ్రు. ఉన్నదా, లేదా?"

"మెల్లగ మాట్లాడు తమ్మీ, బజారింటది. ఉన్నది. గని చిన్నదే."

"చిన్నదో పెద్దదో, నాకు చెప్పకుంట దాస్తవా?"

"గిది దండోరా ఏసుకునేదా?"

"ఏడికెళ్లి వచ్చింది నీకు?"

"ఏడికెళ్లొస్తది? నాయిన నుంచే. నాయినకు గూడ ఉండె. పాపం, బతికినన్ని దినాలు ఎవ్వరికి సూపియ్యలే."

"నాయినదా!" అన్నాడు సోమేశ్వర్. "నాయినదైతే నాకెందుకు రాలే?"

"రాకపోవుడు నీ అదృష్టం తమ్మీ."

"నీకొక్కనికే రావాల్నా? నేను కొడుకును గానా? నాకు సగం కావాలె!"

రోగంలో సగం అడిగిన తమ్ముణ్ణి బద్రీనాథ్ ఏ పురాణంలోనూ వినలేదు. ఇది ప్రేమ కాదు, ఎగతాళి అని తేల్చుకున్నాడు. "పెద్దోన్నని గూడ సూడకుంట గింత మాటంటవా? ఉంచుకో నీ గంగాళం!" అని విసురుగా వెళ్లిపోయాడు.

దొంగ దొరికితే ఇలాగే విసురుగా పోతాడని సోమేశ్వర్ తేల్చుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే సంభాషణ నుంచి చెరో సగం తీసుకుని పోయారు. మొగులయ్య కూడా అంత సమానంగా పంచలేడు.

చివరికి బద్రీనాథ్ ఎదురింటి ఆలంబీ దగ్గర, పెండ్లిళ్లకు కిరాయికిచ్చే పెద్ద దేగ్చా తెచ్చుకున్నాడు. ఎందుకని ఆలంబీ అడగలేదు. అడిగి ఉంటే ఇచ్చేది కాదు.

రోజూ మధ్యాహ్నం సావిత్రమ్మ నీళ్లు కాచి వెనక పెరట్లో, తడికల చాటున దేగ్చాలో పోసేది. బద్రీనాథ్ అందులో కూర్చుని, వెచ్చదనం ఎక్కగానే కళ్లు మూసుకుని పెద్దగా నిట్టూర్చేవాడు: "హమ్మయ్య!"

గోడ ఇవతల విజయకుమారికి "అమ్మెయ్య" అని వినబడింది. ఆమె పరుగెత్తుకుంటూ దుకాణానికి పోయింది. "ఇంకేం జూస్తున్నవ్? మీ అన్న అమ్మేస్తుండట! నా చెవులార విన్న!"

ఆ చెవుల మీద అపనమ్మకం పెట్టుకునే ధైర్యం సోమేశ్వర్‌కు పెండ్లయిన నాటినుంచీ లేదు. తిన్నగా మొగులయ్య అరుగు ఎక్కాడు. తన పంపకంలో ఒక హిస్సా మిగిలిపోయిందని వినగానే మొగులయ్యకు ఆస్తి గురించి కాదు, తన పేరు గురించి కోపమొచ్చింది. బద్రీనాథ్‌కు కబురు పెట్టాడు.

"ఏం బద్రీ సేటూ, వెనక ఏదో హిస్సా మిగిలిందట? ఉన్నదని తమ్మునికాడ ఒప్పుకున్నవట?"

"నేను ఏ హిస్సా దాయలే మొగులన్నా."

"మరి ఉన్నదంటివట గద. ఏందది?"

అప్పుడు బద్రీనాథ్‌కు సగం సంగతి వెలిగింది. తమ్ముడు ఎగతాళి చేయలేదు, ఇంకేదో అనుకున్నాడు. మిగతా సగం వెలిగించాలంటే ఈ అరుగు మీద, బీడీలు కాలుస్తున్న ఇంతమంది ముందు నోరు తెరవాలి. రేపటి నుంచి ఊళ్లో ఎవడు చింతపండు కొన్నా చింతగింజ చూసి నవ్వుతాడు. ఆయన నోరు మూసుకున్నాడు.

మూసుకున్న నోరు మొగులయ్యకు తెరిచిన దస్తావేజులా కనబడింది. "అయితే ప్రమాణం జెయ్యి. సోమవారం బొంతపల్లి వీరభద్రుని ముంగట, తడిబట్టలతోని. 'నా వెనక ఏదీ మిగల్లే' అనాలె."

"'ఏ హిస్సా మిగల్లే' అంటే చాలదా?"

"గా మెలికలే వద్దు. మొన్నటికి మొన్న ఒకడు 'భూమి దాయలే' అని ప్రమాణం జేసి బాయి దాసిండు. 'ఏదీ' అనాలె. మిగిలి ఉంటే ఆ వీరభద్రుడే సూసుకుంటడు!"

ఆ దేవుడు చూసుకుంటాడన్న మాట తలుచుకుంటేనే బద్రీనాథ్‌కు చెమట పోసింది. వీరభద్రుడు కోపిష్టి. మనుషుల్లాగా మాట వెనక భావం వెతకడు, మాటను మాటలాగే పట్టుకుంటాడు. 'ఏదీ' అంటే ఏదీ.

ఇంటికొచ్చి తమ్ముడి తలుపు కొట్టాడు, చెవిలో చెప్పేద్దామని. సోమేశ్వర్ సందులోంచి ముఖం మాత్రం పెట్టాడు. "నా చెవుల ఏం చెప్పకు. చెప్పేది దేవుని ముంగట చెప్పు. ప్రమాణం జెయ్యకుంటే ఇగ నాయిన తద్దినం ఎవనింట్ల వానిదే." తలుపు మూసుకుంది.

ఇల్లు విడిపోయినప్పుడు బద్రీనాథ్‌కు బాధ కలగలేదు, అది మట్టి. నాయిన తద్దినం నాడు ఇద్దరూ ఒక పీట మీద భుజం భుజం ఆనించి కూర్చుంటారు. ఆ పీటను కూడా రంపంతో కోస్తానంటున్నాడు తమ్ముడు. తోలు కోత తప్పించుకున్న మనిషి ఈ కోతకు గడప మీదే కూలబడ్డాడు.

మర్నాడు సంగారెడ్డి బస్సెక్కి హకీం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "హకీం సాబ్, సోమవారం లోపల ఇది పోవాలె."

"దురద ఉన్నదా?"

"లేదు. దేగ్చల కూసుంటే పోయింది."

"మంట?"

"లేదు."

"నెత్తురు?"

"సుక్క లేదు."

"మరి బాధేంది సేట్ సాబ్?"

"తమ్ముడు."

కథంతా విని హకీం టోపీ జారిపోయేదాకా నవ్వాడు. "నొప్పికి మందడిగినోళ్లను చాన మందిని చూసిన. ప్రమాణానికి మందడిగింది మీరొక్కరే. సోమవారం గాదు, రంజాన్ దాకా పూసినా ఆ తోలు పోదు. ప్రమాణం కోసం కొయ్యుమని నేను చెప్ప."

"అయితే మీరన్న వచ్చి మా తమ్మునికి చెప్పరాదా?"

హకీం నవ్వు ఆపాడు. "మందుకొచ్చిన మరీజు గుట్టు హకీం నోట్లకెళ్లి బయటికి రాదు. వస్తే రేపు ఎవ్వరు పరదా వెనకకు రారు. మీది మీరే చెప్పాలె. ఉన్నదని చెప్పుడు షరం గాదు, సిగ్గు గాదు సేట్ సాబ్. ఉన్నదాన్ని లేదంటేనే షరం."

ఇంత మంచి మాట విని నిమ్మళంగా ఇంటికి రావాలి కదా. కానీ భయపడినవాడికి మంచిమాట కన్నా కొత్తమాట రుచి. ఆదివారం అంగట్లో నర్సింహులు అనే మందులవాడు చాప పరిచి అరుస్తున్నాడు: "కోత లేదు, వాత లేదు, ఒక్క పూత! పొద్దుగల్ల పూస్తే మాపటికి రాలాలె!" కోత, వాత, పూత అని ప్రాస కుదిరేసరికి వైద్యం కూడా కుదిరిందనుకున్నాడు బద్రీనాథ్. చిన్న డబ్బీ కొని రొండిన దోపుకుని వచ్చాడు.

సావిత్రమ్మ డబ్బీ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని తల వెనక్కి లాగింది. "సున్నపు వాసనొస్తున్నదేంది?" అని కొంచెం పుల్లతో తీసి, పెరట్లో పడున్న పాత తోలుచెప్పు మీద పూసింది. ఇద్దరూ గొంతుక్కూర్చుని చూశారు. తోలు మొదట ఉబ్బింది, తర్వాత నల్లబడింది, పుల్లతో కదిలిస్తే ముద్దగా ఊడివచ్చింది.

"సూసినవా? సచ్చిన బర్రె తోలే గిట్లయింది," అంది సావిత్రమ్మ. "నీది బతికిన తోలు. రాలుతది అన్నడు గని ఏమేం రాలుతదో చెప్పలే."

బద్రీనాథ్ డబ్బీ తానే తీసుకుని, గుంత తవ్వి పూడ్చాడు. తవ్విన చప్పుడు విని గోడ ఇవతల విజయకుమారి ఏమనుకుందో మీరే ఊహించుకోండి. నాకు ఓపిక లేదు.

సోమవారం రెండు కచ్చడం బండ్లు కట్టారు. ముందు బండిలో బద్రీనాథ్, సావిత్రమ్మ. వెనక బండిలో సోమేశ్వర్, విజయకుమారి, న్యాయదేవత వేషంలో మొగులయ్య. ఇంద్రేశం ఊరు దాటాక బాటలో గుంతల మధ్య అక్కడక్కడా బాట ఉంది. ప్రతి గుంతకూ బద్రీనాథ్ ఒక దేవుణ్ణి తలుచుకున్నాడు. బొంతపల్లి చేరేసరికి దేవుళ్లు అయిపోయి గుంతలు మిగిలాయి.

గుడి దగ్గర సోమవారం జనం బాగానే ఉన్నారు. ప్రమాణం జరుగుతుందని తెలియగానే కొబ్బరికాయలు కొట్టేవాళ్లు కొట్టడం ఆపారు, ప్రసాదం తినేవాళ్లు నమలడం ఆపారు. ఒకరి పరువు పోతుంటే చూసే పుణ్యం ఏ పూజలో వస్తుంది?

బద్రీనాథ్ తలమీద నీళ్లు పోసుకుని తడి ధోవతితో దేవుడి ఎదుట నిలబడ్డాడు. ముసలి పూజారి ఇత్తడి పళ్లెంలో కర్పూరం వెలిగించాడు. అది ఆరేలోగా ప్రమాణం పూర్తికావాలి.

మొగులయ్య గొంతు సవరించుకున్నాడు. "అను. నాయిన ఆస్తిలకెళ్లి..."

"నాయిన ఆస్తిలకెళ్లి..."

"తమ్మునికి చెందేది చింతాకంత గూడ తినలే."

"చింతాకంత గూడ తినలే." ఇది గట్టిగానే అన్నాడు.

"నా వెనక ఏదీ మిగల్లే."

"నా వెనక..." బద్రీనాథ్ ఆగాడు. ఎదురుగా వీరభద్రుడు మీసాలతో, కోరలతో ఉరిమి చూస్తున్నాడు. "నా వెనక..."

జనంలో గుసగుస లేచింది. మొగులయ్య ముఖంలో దొంగను పట్టిన వెలుగు. సోమేశ్వర్ ముఖంలో మాత్రం ఆ వెలుగు లేదు. పొద్దున బండెక్కినప్పుడు ఉన్న కోపం ఎక్కడో ఇంద్రేశం గుంతల్లో జారిపోయింది. అన్న తడిబట్టలతో వణుకుతుంటే చూడలేక ముందుకొచ్చాడు.

"లేదని చెప్పన్నా," అన్నాడు. "ఒక్క మాట. లేదంటే చాలు, నమ్మి ఇంటికి పోత. తోపు గీపు నాకేం వద్దు. నువ్వు నన్ను మోసం జెయ్యలేదని చెప్పు."

కర్పూరం సగం కరిగింది. లేదంటే తమ్ముడు దొరుకుతాడు, గుట్టు దక్కుతుంది. ఒక్క అబద్ధానికి రెండు లాభాలు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఇంత మంచి బేరం బద్రీనాథ్‌కు ఎప్పుడూ తగల్లేదు.

"ఉన్నది తమ్మీ," అన్నాడు.

గుడి మొత్తం ఉలిక్కిపడింది. "సూసిండ్రా!" అన్నాడు మొగులయ్య. "ఎన్ని గుంటలు?"

"గుంటలు గాదు. చింతగింజంత."

"చింతగింజంత భూమా?"

"భూమి గాదు మొగులన్నా, తోలు!" బద్రీనాథ్ కళ్లు మూసుకున్నాడు, చన్నీళ్లలో దూకేవాడిలాగా. "నాకు మొలలుండె. తగ్గినయ్. తగ్గినంక వెనక తోలు పిలక ఒకటి మిగిలింది. దాన్ని తురకంల మస్సా అంటరు. గదే మిగిలింది నా వెనక. ఇంకేం మిగల్లే. దేవుని ముంగట 'ఏదీ లేదు' అని ఎట్లనాలె?"

కర్పూరం ఆరిపోయింది. మొగులయ్యకే ముందు తేరుకోక తప్పలేదు, పెద్దమనిషి కదా. "మరి హాకిం తానికి ఎందుకు పోయినవ్?"

"హాకిం గాదు, హకీం. కమాలుద్దీన్ సాబ్."

"కోర్టు లేకుంట సర్దుకుందాం అనలేదా?"

"కోర్టు గాదు, కోత! కోత లేకుంట. తోలు మందుకు పోదట, గని బాధ లేకుంట ఉంచుకోవచ్చట. గోరువెచ్చని నీళ్లల్ల కూసోవాలె, పొడిగ ఉండాలె, ముక్కొద్దు."

"మరి నాయిన నుంచి వచ్చింది అంటివి..." సోమేశ్వర్ మాట మధ్యలోనే ఆగిపోయింది. నాయిన చివరి రోజుల్లో గద్దె మీద ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి ఎందుకు కూర్చునేవాడో అతనికి అప్పుడు అర్థమైంది. తాను దేంట్లో సగం అడిగాడో కూడా అర్థమైంది. విజయకుమారి అప్పటికే కొంగును నెత్తి మీది నుంచి గడ్డం దాకా లాగేసుకుంది. చెవులు కూడా కప్పుకుంది, ఆలస్యంగా.

"మరి 'అమ్మెయ్య' అన్నదేంది?" అని కొంగులోంచి సన్నగా వినిపించింది.

"'హమ్మయ్య' అన్నడమ్మా," అంది సావిత్రమ్మ. "నీళ్లు ఎచ్చగ తగిలితే ఎవరన్న అంటరు."

సోమేశ్వర్ తన భుజం మీది పొడి కండువా తీశాడు. అన్న దగ్గరికి వచ్చి, తడి ధోవతి చుట్టూ దాన్ని చుట్టి, చిన్నపిల్లాడికి కట్టినట్టు ముడేశాడు. "జల్దీ ఆ తడిబట్ట మార్చుకో అన్నా. పొడిగ ఉండాల్నని హకీం చెప్పిండంటివి గద. నువ్వు వణుకుకుంట గూడ అబద్ధమాడకపోతివి. నేనే..." అని ముడి ఇంకోసారి బిగించాడు. "తద్దినం మా ఇంట్ల పెడ్దాం. నువ్వు ఎంతసేపు కూసోగలిగితే గంతసేపే పెడ్దాం."

కథ ఇక్కడ ముగిసేది. కానీ ముసలి పూజారికి చెముడు. "ఏం మిగిలిందట?" అని పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడు సిగ్గుపడి ఇంకొకణ్ణి చూపించాడు. గుడి బయట ఆలస్యంగా వచ్చినవాళ్లలో అప్పటికే "లంకెబిందె దొరికిందట" అని ఒకడు, "తోలు సంచిల బంగారమట" అని ఇంకొకడు మొదలుపెట్టారు. ఇంకాసేపు ఆగితే పాశమైలారం తోపు వెనక గడ్డపారలు దిగేలా ఉన్నాయి.

సోమేశ్వర్ ఒక్క ఉదుటున మండపం మెట్టెక్కాడు. "అందరు ఇనుండ్రి!" అని అరిచాడు. "బంగారం లేదు, భూమి లేదు! హిస్సా గాదు, మస్సా! హాకిం గాదు, హకీం! కోర్టు గాదు, కోత! మా అన్న ఏది దాయలే. తప్పు విన్నది మా ఇంటిది, నమ్మింది నేను, నింద మోసింది మా అన్న. పంతులూ, నీకు వినవడ్డదా? మస్సా అంటే మొలలు పోయినంక వెనక మిగిలే..."

"చాలు తమ్మీ," అన్నాడు బద్రీనాథ్ కండువా పట్టుకుని. "అందరికి సమజైంది. దిగు."